నీటి రోయింగ్ యంత్రం కొనేముందు చప్పుడును కింది ఇంటి నుంచి విని చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటి వ్యాయామ పరికరాల గురించి మీ ఆదివారం పుటల్లో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి నీటితో పనిచేసే రోయింగ్ యంత్రం (కూర్చుని, పడవలో తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే వ్యాయామ పరికరం) ఉత్తమమనీ, దాని నుంచి చప్పుడే రాదనీ అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. యంత్రం ఎంపికలో ఆ వ్యాసకర్తతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. చప్పుడు గురించి మాత్రం ఆ వాక్యం పాఠకులకు సగం సంగతే చెప్పింది. మిగిలిన సగం తెలియక, పెద్ద మొత్తం పెట్టి కొన్నవారు కింది ఇంటివారి చేత మాటపడి, వ్యాయామమే మానుకునే పరిస్థితి రాకూడదన్న ఆలోచనతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నేను చెన్నైలోని ఒక కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. వేళచ్చేరిలో మూడో అంతస్తులో మా నివాసం. మా అమ్మాయి, అల్లుడు, నేను ముగ్గురమూ ఒకే నీటి రోయింగ్ యంత్రాన్ని వాడుతున్నాం. మా కింద ఉండేది నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వారి అబ్బాయి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదున్న ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి, తెల్లవారాక ఇల్లు చేరి పడుకుంటాడు. మేము వ్యాయామానికి లేచే వేళే అతనికి నిద్రవేళ కాబట్టి, ఈ యంత్రం ఎంత చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు ఎటు పోతుంది అనే ప్రశ్నను మా ఇల్లు తేలికగా తీసుకోవడానికి వీల్లేకపోయింది.

చెన్నైలో ఇంట్లో వ్యాయామానికి ఏర్పాటు చేసుకోవడం విలాసమని నేను అనుకోను. వేసవి నెలల్లో పొద్దెక్కితే బయట నడవలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే మా వేళచ్చేరి లాంటి పల్లపు ప్రాంతాల్లో వీధులు వీధులుగా ఉండవు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమతో కూడిన వ్యాయామం చేయాలనీ, కండరాలకు బలమిచ్చే వ్యాయామం కనీసం రెండు రోజులైనా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాళ్లు, నడుము, వీపు, చేతులు అన్నిటినీ ఒకేసారి పనిలో పెట్టి, పాదం నేలకు కొట్టుకోకుండా మోకాళ్లను కాచే వ్యాయామాల్లో తెడ్డు వేయడం ఒకటి. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తినప్పుడు ప్రతి అడుగూ కింది ఇంటి పైకప్పు మీద పడుతుంది. రోయింగ్‌లో ఆ దెబ్బ ఉండదు. ఫ్లాట్లలో ఉండేవారికి ఇది సరిపడేదని చెప్పడానికి మొదటి కారణం అదే.

ఈ యంత్రాల్లో నిరోధాన్ని పుట్టించే పద్ధతులు నాలుగు ఉన్నాయి. నూనె గొట్టాలతో పనిచేసే హైడ్రాలిక్ రకం అన్నిటికన్నా చవక, చిన్నది కూడా. అయితే కాసేపు లాగేసరికి లోపలి నూనె వేడెక్కి పలచబడి, లాగుడు తేలికైపోతుంది. చేతుల కదలిక కూడా అసలు పడవలో ఉన్నట్టు ఉండదు. దాని గురించి ఇంతకన్నా చెప్పనవసరం లేదు. గాలి రకంలో గొలుసుతో తిరిగే ఒక పంఖా చక్రం గాలిని చీలుస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో డిక్, పీట్ డ్రైసిగేకర్ అనే అన్నదమ్ములు 1981లో సైకిలు చక్రంతో తయారుచేసిన యంత్రం నుంచే నేటి కాన్సెప్ట్2 కంపెనీ యంత్రాలు వచ్చాయి. 2000 మీటర్ల ఇండోర్ పోటీలకు అవే ప్రామాణికం కనుక, పోటీలకు తయారయ్యే పిల్లలకు నేను గాలి యంత్రాన్నే సిఫారసు చేస్తాను. కాకపోతే అది జోరుగా లాగినప్పుడు హోరుమంటుంది. పక్క గదిలో టీవీ చూసేవారు ధ్వని పెంచుకోవలసి వస్తుంది. అయస్కాంత రకంలో తిరిగే లోహచక్రానికి దగ్గరగా అయస్కాంతాలు ఉంటాయి. చక్రంలో పుట్టే సుడి విద్యుత్ప్రవాహాలు దాని వేగాన్ని అడ్డుకుంటాయి. ఏదీ దేన్నీ తాకదు కాబట్టి గాలిలో వినిపించే శబ్దం వరకు నాలుగింటిలోనూ ఇదే తక్కువ. ఈ నిజాన్ని మీ వ్యాసం చెప్పి ఉండవలసింది.

అలాంటప్పుడు నీటి యంత్రాన్ని ఎందుకు ఎంచుకోవాలి? దీన్ని 1980ల చివర రూపొందించిన జాన్ డ్యూక్ స్వయంగా అమెరికా జాతీయ జట్టులో తెడ్డు పట్టినవారు. గాలి పంఖా స్థానంలో ఆయన నీళ్లు నింపిన పారదర్శకమైన తొట్టినీ, అందులో తిరిగే రెక్కలనూ పెట్టారు. హ్యాండిల్ లాగితే దానికి కట్టిన నేత పట్టా (బెల్టు) ఒక ఇరుసు మీద నుంచి విడివడి రెక్కలను తిప్పుతుంది. హ్యాండిల్ వదిలి ముందుకు వెళ్లేటప్పుడు ఒక సాగుడు తాడు పట్టాను తిరిగి చుట్టేస్తుంది, రెక్కలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. నీరు ఇచ్చే నిరోధం వేగపు వర్గాన్ని బట్టీ, అందుకు మనం వెచ్చించవలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని బట్టీ పెరుగుతాయి. అంటే 10 శాతం వేగంగా లాగాలంటే సుమారు 33 శాతం ఎక్కువ శ్రమపడాలి. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్లు కావాలి. దీని ఫలితం ఇంట్లో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. మా అల్లుడు దిగిన వెంటనే నేను కూర్చుంటాను, ఏ మీటా తిప్పను, ఏ సంఖ్యా మార్చను. అతను లాగినంత జోరుగా నేను లాగను కనుక, నీరు నన్ను నా శక్తి మేరకే ఎదుర్కొంటుంది. మూడు వయసులవారు ఒకే యంత్రాన్ని పంచుకునే ఇంటికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు నాకు తెలియదు. పైగా లెక్కలు చూపే తెర నడవడానికి కావలసిన బ్యాటరీలు తప్ప, చాలా నీటి యంత్రాలకు కరెంటుతో పనిలేదు.

ఇక్కడే ఒక అపోహను ప్రస్తావించాలి. తొట్టిలో నీళ్లు ఎక్కువ పోస్తే యంత్రం "గట్టిపడుతుంది" అని దుకాణాల్లో చెబుతారు. నీటి మట్టం పెంచితే కదిలించవలసిన బరువు పెరుగుతుంది. అది బరువైన పడవను లాగినట్టు ఉంటుందే తప్ప, వ్యాయామపు తీవ్రతను నిర్ణయించేది ఎప్పుడూ మన వేగమే. తొట్టి మీద తయారీదారు గీసిన గుర్తుల మధ్య ఎక్కడో ఒకచోట, సాధారణంగా 15 నుంచి 20 లీటర్ల మధ్య, నీళ్లు పోసి అక్కడితో వదిలేయడం మంచిది. మట్టం మారిస్తే తెర మీద కనిపించే దూరాల లెక్క కూడా పాత లెక్కతో పోల్చడానికి పనికిరాదు.

ఇక శబ్దం సంగతి. ప్రకటనల్లో "60 డెసిబెల్స్ లోపే" అని రాస్తారు. ఎంత దూరంలో కొలిచారు, ఎంత జోరుగా లాగుతుంటే కొలిచారు, ఎలాంటి గదిలో కొలిచారు అన్న వివరాలు లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఆరుబయట ఒక శబ్దానికి దూరం రెట్టింపైతే కొలతలో సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. మీటరు దూరంలో 66 చూపే యంత్రమే రెండు మీటర్ల దూరంలో 60 చూపుతుంది. గోడలున్న గదిలో అంత తగ్గుదల ఉండదు. పైగా 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది, మన చెవికి దాదాపు రెట్టింపుగా తోస్తుంది. ఇంత సున్నితమైన లెక్కను దూరం రాయకుండా ముద్రించడం కొనుగోలుదారుకు చేసే అన్యాయమని నా అభిప్రాయం.

పోల్చుకోవడానికి ఒక కొలబద్ద మన చట్టంలోనే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల పరిసరాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితిగా పెట్టాయి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. మనలో చాలామందికి వ్యాయామానికి వీలయ్యే ఉదయం 5 గంటలు చట్టం లెక్కలో ఇంకా రాత్రే. ఈ నియమాలు రోయింగ్ యంత్రాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కాకపోయినా, తెల్లవారుజామున పక్కవారికి ఎంత ప్రశాంతత ఉండాలన్న అంచనాకు అవి ఉపయోగపడతాయి.

అయితే డెసిబెల్ మీటరు కొలిచేది గాలిలో వచ్చే శబ్దాన్ని మాత్రమే. నా ఉత్తరంలో ముఖ్యమైన విషయం దీని తర్వాతే ఉంది. మన ఫ్లాట్లలో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య సాధారణంగా 5, 6 అంగుళాల కాంక్రీటు స్లాబు ఉంటుంది. అంత బరువైన స్లాబు గాలిలో వచ్చే శబ్దాన్ని బాగానే ఆపుతుంది. నేలకు నేరుగా తగిలే దెబ్బనూ, నేలలోకి దిగే అదురునూ మాత్రం అది ఆపలేదు, పైగా చక్కగా మోసుకుపోతుంది. దాని మీద సిమెంటులో నేరుగా పరిచిన విట్రిఫైడ్ టైల్స్‌కు మెత్తదనం ఏమీ ఉండదు. అందువల్ల యంత్రం ఉన్న గదిలో కూర్చుని విన్న చప్పుడుకూ, కింది గదిలో వినిపించే చప్పుడుకూ పోలికే ఉండకపోవచ్చు.

అల్లుడు యంత్రం మీద ఉండగా నేను కిందికి దిగి, ఆ ఇంటివారి అనుమతితో వారి పడకగదిలో నిలబడి విన్నాను. మా గదిలో అన్నిటికన్నా ముందు చెవినబడే నీళ్ల చప్పుడు అక్కడ ఆనవాలుకైనా లేదు. స్ట్రోకుకు (అంటే ఒకసారి లాగి తిరిగి ముందుకు రావడానికి) ఒకసారి, సీటు ముందుకు జారివచ్చి, అది నడిచే పట్టాల చివరి అడ్డుకు తగిలినప్పుడు, "టక్" మని చిన్నగా, ఎంతో స్పష్టంగా వినిపించింది. దాని వెనకే సీటు చక్రాల గరగర. గోడకు అరచేయి ఆనిస్తే ఆ దెబ్బ చేతికి తెలిసింది. "అక్కా, నీళ్ల శబ్దం మాకు అసలు తెలియదు. ఆ టక్ మనేది ఒక్కటే మావాడికి కన్ను మూతపడనివ్వడం లేదు" అని ఆ ఇల్లాలు అంది. నీటి యంత్రం, అయస్కాంత యంత్రం, గాలి యంత్రం మూడింటికీ సీటూ, చక్రాలూ, పట్టాలూ ఉంటాయి. కింది ఇంటి నిద్ర చెడగొట్టేది ఆ భాగాలే అయినప్పుడు, తొట్టిలో నీళ్లున్నాయా అయస్కాంతం ఉందా అన్న ప్రశ్న ఒక్కటే అడిగి యంత్రాన్ని ఎంచుకోవడం సరిపోదు.

కాబట్టి దుకాణానికి వెళ్లినవారు ముందు హ్యాండిల్ ముట్టుకోకుండా సీటు మీద కూర్చుని, కాళ్లతోనే ముందుకూ వెనక్కూ జరిగి చూడాలి. అప్పుడు వినిపించేదంతా చక్రాలూ, పట్టాలూ చేసే చప్పుడే. బేరింగులున్న మెత్తటి పాలియురేతేన్ చక్రాలైతే సన్నగా జారుతాయి. గట్టి ప్లాస్టిక్ చక్రాలు కొత్తలోనే గరగరలాడతాయి, వాడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. తర్వాత ఆ సీటును చేత్తో పక్కకు ఊపి చూడాలి. వదులుగా కదిలితే ప్రతి స్ట్రోకుకూ అది మోగుతుంది. పట్టాల రెండు చివర్లా ఉన్న అడ్డు రబ్బరుదో, ప్లాస్టిక్‌దో వేలితో నొక్కి చూడాలి. ఆ తర్వాతే హ్యాండిల్ పట్టుకోవాలి. గొలుసు ఉన్న యంత్రం కన్నా నేత పట్టా ఉన్నది తక్కువ చప్పుడు చేస్తుంది. చట్రం విషయంలో చెక్క అదురును తనలో కొంత ఇముడ్చుకుంటుంది. అల్యూమినియం, ఉక్కు అంతగా ఇముడ్చుకోవు. ఈ కారణం చేత, ధర ఎక్కువైనా గట్టి చెక్కతో చేసిన చట్రానికే నా ఓటు. దిగుమతి అయ్యే చెక్క యంత్రాల్లో కొన్ని లక్ష రూపాయలు దాటుతాయన్నది నిజమే. అంత పెట్టలేనివారు లోహపు చట్రమున్న యంత్రాన్నే తీసుకుని, నేల దగ్గర జాగ్రత్త రెట్టింపు చేసుకోవచ్చు.

నేల దగ్గర జాగ్రత్త అంటే యోగా చాప పరవడం కాదు. యంత్రం బరువు, నీటి బరువు, మనిషి బరువు కలిసి 120, 130 కిలోలు నాలుగు చిన్న పాదాల మీద పడితే ఆ మెత్తటి చాప పూర్తిగా నలిగి, గట్టి నేలతో సమానమైపోతుంది. జిమ్ముల్లో పరిచే దళసరి, గట్టి రబ్బరు షీటు 10, 12 మిల్లీమీటర్లది వేసి, దాని మీద యంత్రం పొడవునా మందపాటి ప్లైవుడ్ పలక పరిచి, పలక మీద మళ్లీ ఒక రబ్బరు పొర వేస్తే బరువు సమంగా పరుచుకుంటుంది, యంత్రం జారదు, టక్ మనే దెబ్బలోని పదును చాలావరకు నేలకు చేరకముందే తగ్గిపోతుంది. నిమిషానికి ఇరవైసార్లు ముందుకూ వెనక్కూ సాగే శరీరపు ఊపును ఏ రబ్బరూ ఆపలేదు, ఆపనక్కరలేదు కూడా. అంత నెమ్మదైన కదలిక చెవికి వినబడదు. స్థలం ఎంపిక కూడా ముఖ్యమే. స్లాబు నడిమధ్యన ఎక్కువగా అదురుతుంది కాబట్టి యంత్రాన్ని గది మధ్యలో కన్నా గోడ వారగా, దూలం దగ్గరగా పెట్టాలి. వీలైతే కింది ఇంటివారి పడకగది మీద కాకుండా వారి హాలు మీదికి వచ్చే గదిని ఎంచుకోవాలి. ఈ ఒక్క విషయం వారిని అడిగి తెలుసుకుంటే సరిపోతుంది, అడగడం వల్ల వచ్చే స్నేహం అదనం.

చప్పుడు తగ్గించే పనిలో సగం యంత్రానిదైతే సగం మనిషిది. అడయారు నది ఒడ్డున 1867 నుంచి మద్రాస్ బోట్ క్లబ్ ఉంది. పడవలో తెడ్డు వేసేవారికి మొదట నేర్పే పాఠాల్లో ఒకటి, లాగిన తర్వాత సీటు మీద ముందుకు వచ్చేటప్పుడు తొందరపడకూడదని. విసురుగా ముందుకు దూసుకొస్తే ఆ ఊపు పడవ పరుగుకు అడ్డుపడుతుంది. ఇంట్లో యంత్రం మీదా అదే పొరపాటు జరుగుతుంది, పడవ బదులు కింది ఇంటివారు ఆ దెబ్బ తింటారు. లాగేటప్పుడు ముందు కాళ్లతో తన్ని, తర్వాత నడుము వెనక్కి వాల్చి, చివరన చేతులు రొమ్ము కిందికి తీసుకోవాలి. తిరిగి వెళ్లేటప్పుడు ముందు చేతులు, తర్వాత నడుము, ఆఖరున మోకాళ్లు. లాగడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం తిరిగి వెళ్లడానికి తీసుకుంటే, నిమిషానికి 18 నుంచి 22 స్ట్రోకులు పడతాయి, సీటు చివరి అడ్డును తాకనే తాకదు. బలంలో సగానికి పైగా కాళ్లదే కాబట్టి వేగంగా ఊగకపోయినా చెమట పడుతుంది. మా అల్లుడు ఈ పద్ధతికి మారి, రబ్బరు, ప్లైవుడ్ పొరలు వేశాక, కింది ఇంటి పడకగదిలో నిలబడి మళ్లీ విన్నాను. చెవి రిక్కించి వింటేనే చక్రాల కదలిక తెలిసింది. ఈ పద్ధతి నడుముకూ మంచిదే. వెన్ను వంచి చేతులతో గుంజేవారికి నడుము నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. డిస్కు, గుండె సమస్యలున్నవారు మొదలుపెట్టేముందు వైద్యుల్ని అడగాలి.

చెన్నై గాలికీ నీటికీ సంబంధించిన సంగతులు కొన్ని ఏ ప్రకటనలోనూ కనిపించవు. మన బోరు నీళ్లనూ, ట్యాంకరు నీళ్లనూ తొట్టిలో పోయకండి. వాటిలోని లవణాలు కొన్నాళ్లకు పారదర్శకమైన గోడల మీద తెల్లటి పొరగా పేరుకుంటాయి, దాన్ని లోపలి నుంచి గీకడం సాధ్యం కాదు. ఆర్ఓ నీళ్లు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ పోయాలి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే నీళ్లు పచ్చబడి నాచు పడుతుంది. తయారీదారు ఇచ్చిన శుద్ధి మాత్రను చెప్పిన గడువుకు చెప్పిన మోతాదులో వేస్తే చాలు. బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు లాంటివి తొట్టి పాలికార్బొనేటును పాడుచేయవచ్చు. తొట్టి మూత ఎప్పుడూ బిగించి ఉంచాలి. నిలవ ఉన్న మంచినీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుందనీ, నగరపాలక సంస్థ సిబ్బంది ఇంటింటికీ వచ్చి పూలకుండీల పళ్లాలు కూడా పరీక్షిస్తారనీ మనకు తెలిసిందే. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్, నీలాంగరై లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఉక్కు పట్టాలు, బోల్టులు త్వరగా తుప్పుపడతాయి. అక్కడివారు చెక్కనూ, స్టెయిన్‌లెస్ స్టీలు పట్టాలనూ ఎంచుకోవాలి. చెక్క కూడా తేమకు ఉబ్బి, ఎండకు బిగుసుకుంటుంది కనుక బోల్టులు వదులవుతాయి. కిర్రుమనే చప్పుడు మొదలైతే చాలామంది యంత్రం పాడైందనుకుంటారు. ముందు ఆలెన్ కీతో అన్ని బోల్టులనూ బిగించి చూడాలి. చెద ఉన్న ఇంట్లో చెక్క యంత్రాన్ని గోడకు ఆనించి ఉంచకూడదు. పట్టాలను పొడిగుడ్డతో తుడుస్తూ, చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలను తీసేస్తుంటే గరగర సగం తగ్గుతుంది.

కొలతల విషయానికి వస్తే, చాలా నీటి యంత్రాలు సుమారు 7 అడుగుల పొడవు, 2 అడుగుల లోపు వెడల్పు ఉంటాయి. వాడనప్పుడు నీళ్లతో సహా నిలబెట్టవచ్చునన్నది వీటిలోని గొప్ప సౌకర్యం. కానీ మన ఫ్లాట్లలో పడకగది గోడకు 7 అడుగుల ఎత్తున లాఫ్టు ఉంటుంది. నిలబెట్టిన యంత్రం దానికి తగులుతుందేమో టేపు పెట్టి చూసుకోవాలి. పిల్లలున్న ఇంట్లో నిలబెట్టిన యంత్రాన్ని ఒక పట్టీతో గోడకు కట్టాలి. కూర్చునే ఎత్తు అన్నిటికీ ఒకలా ఉండదు. కొన్నిటి సీటు నేలకు అడుగు ఎత్తులోనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు అంత కిందికి కూర్చుని లేవలేరు కాబట్టి ఎత్తు పెంచే అమరిక ఉందేమో అడగాలి. ఇంత బరువుకు స్లాబు ఆగుతుందా అని మా భవనంలో ఒకరు భయపడ్డారు. నివాస గదులు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోయాలని భారత ప్రమాణం ఐఎస్ 875 నిర్దేశిస్తుంది. సరిగా కట్టిన ఇంట్లో ఈ యంత్రం వల్ల ఆ హద్దుకు ముప్పు లేదు.

అపార్ట్‌మెంటు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఒక్క ఫిర్యాదు రాగానే వ్యాయామ యంత్రాలన్నిటినీ నిషేధించే తీర్మానాలు చేయకండి. ట్రెడ్‌మిల్‌నూ, బరువులు కింద పడేయడాన్నీ, నీటి రోయింగ్ యంత్రాన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. కింద రబ్బరు పరచాలనీ, ఉదయం 6 లోపు వాడదలిస్తే కింది ఇంటివారి సమ్మతి ఉండాలనీ రెండు నియమాలు పెడితే చాలా వివాదాలు పుట్టనే పుట్టవు.

వ్యాపారులను అడగవలసింది ఇంకా ఉంది. నగరంలోని చాలా దుకాణాల్లో నీటి యంత్రాలను తొట్టిలో చుక్క నీరు లేకుండా అలంకారంగా నిలబెడుతున్నారు. నీళ్లు లేని యంత్రాన్ని లాగి చూస్తే అది ఎంత చప్పుడు చేస్తుందో, ఎంత బిగువైనదో ఎవరికీ తెలియదు. ప్రతి దుకాణంలో ఒక్క యంత్రమైనా నీళ్లు నింపి, టైల్స్ నేల మీద పెట్టి, కొనేవారిని పది నిమిషాలు లాగి చూసుకోనివ్వాలి. శబ్దం కొలతను దూరంతో, స్ట్రోకు వేగంతో సహా రాసి అట్టపెట్టె మీద అతికించాలి. రోయింగ్ యంత్రాల భద్రత కోసం ఐఎస్ఓ 20957 అనే అంతర్జాతీయ ప్రమాణంలో 7వ భాగం ఉంది. యంత్రం దానికి అనుగుణంగా ఉందా, ఇంటి వాడకానికి సూచించే హెచ్ తరగతిదా, జిమ్ము వాడకానికి సూచించే ఎస్ తరగతిదా అన్నది కొనుగోలుదారు అడగకముందే చెప్పాలి. చక్రాలు, నేత పట్టా, సాగుడు తాడు చెన్నైలోనే దొరుకుతాయా, విదేశం నుంచి తెప్పించాలా అన్నది బిల్లు మీద రాసివ్వాలి.

మీ పత్రిక ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేయగలదని నా నమ్మకం. మీ విలేకరులు ఏదైనా ఒక ఫ్లాటులో నాలుగు రకాల యంత్రాలనూ ఒక్కొక్కటిగా అదే నేల మీద పెట్టించి, ఒకే మనిషి చేత ఒకే జోరుతో లాగించి, ఆ గదిలోనూ, దాని కింది ఇంటి పడకగదిలోనూ వచ్చే శబ్దాన్ని విడివిడిగా కొలిచి ఆ అంకెలను ప్రచురిస్తే, చెన్నైలోనూ ఇతర నగరాల్లోనూ ఫ్లాట్లలో ఉండే తెలుగు కుటుంబాలకు ఎంతో మేలు జరుగుతుంది. అటువంటి ప్రయత్నానికి మా ఇంటినీ, మా యంత్రాన్నీ వాడుకోవడానికి ఇవ్వడం మాకు సంతోషం. కింది ఇంటివారు కూడా తమ గదిలో కొలవడానికి ఒప్పుకున్నారు. వారి అబ్బాయికి సెలవు ఉండే రోజు చూసుకుని రావలసిందిగా మాత్రం కోరారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వేళచ్చేరి, చెన్నై